తాతల కాలపు ‘ఒకవేళ’

గురువారం, లేబర్ క్యాంప్

క్రేన్‌కు చేతులతో సిగ్నల్ ఇచ్చే పని కావాలని మా చైనా ఫోర్‌మన్ లీ సార్‌ను అడగడానికి నోరు పెగల్లేదు. అందుకే ఫోన్‌లో వెతికి, ‘ఒకవేళ మీరు అనుమతిస్తే’ అని వాళ్ల భాషలోనే మెసేజ్ పెట్టాను. ‘ఒకవేళ’కు చాలా మాటలున్నాయి. గంభీరంగా ఉందని ‘థాంగ్‌రువో’ ఎంచుకున్నాను.

పొద్దున అందరి ముందే లీ సార్ పగలబడి నవ్వాడు. “ఈ మాట మా తాత ఉత్తరాల్లో ఉండేది! మేం ‘యావ్‌షి’ అంటాం,” అన్నాడు తన వచ్చీరాని హిందీలో.

“గప్పుడే ముసలోనివైనవా రా?” అన్నాడు నా రూమ్‌మేట్ రాజన్న. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

“తాత అడిగితే కాదంటానా? శనివారం క్రేన్ దగ్గరికి రా. కానీ నోటితో అడగాలి,” అన్నాడు లీ సార్.

పని దొరికినట్టేనా? ‘యావ్‌షి’ అని ఇప్పటికి ఇరవైసార్లు అనుకున్నాను, పైకే.

కింది మంచం మీంచి రాజన్న అరుస్తున్నాడు: “ఇగ పండుకో తాతా!”