కరివేపాకు మొక్కకు దోమతెర

వదినా,

ఎనిమిదీ నలభై డీటీసీ బస్సు అందుకోవాలి. మీరు కూరలు తెచ్చేదాకా ఆగలేక రాసిపెట్టి వెళ్తున్నాను.

పెరట్లో కరివేపాకు మొక్కకు నా దోమతెర కప్పాను. తీయకండి, ఉతికే బట్టల్లో అసలే వేయకండి. కొన్నాళ్ళు పోపులోకి ఆ ఆకు వద్దు. పక్క క్వార్టర్ కాంతమ్మ ఆంటీ రెండు రెబ్బలంటూ వచ్చినా ఇవ్వకండి. మిగిలిన డీడీటీ పొడి అటక మీద పెట్టేశాను.

సంగతేమిటంటే, ఆదివారం మీరు "బీఎస్సీ మరిది ఇంట్లో ఉండి ఏం లాభం, నా మొక్కంతా పురుగుల పాలే" అని దెప్పారు. నాకు రోషం వచ్చి గుప్పెళ్ళతో చల్లేశాను. గోరింట కంచెలో గూడు పెట్టిన పిగిలిపిట్ట ఆ పురుగుల్నే ఏరుకెళ్ళి పిల్లలకు పెడుతోంది. ఈ పొద్దున రెండు పిల్లలు గూటి కింద చచ్చిపడి ఉన్నాయి. మూడోది ఇంకా నోరు తెరిచి అరుస్తోంది. దాన్నైనా దక్కించుకుందామనే ఈ తెర.

జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మీ బాధ నాకు తెలియక కాదు. మళ్ళీ చిగురిస్తుంది. ఇకమీద పురుగుల్ని రోజూ నేనే పుల్లతో ఏరి, పార్కులో నిమ్మచెట్టు మీద వదిలి వస్తాను.

మీ మరిది,
లక్ష్మీపతి

మరిచాను. మన గౌరి స్కూలు నుంచి రాగానే గూట్లోకి తొంగిచూసి "బాకీ దో కహాఁ గయే?" అంటుంది. మిగతా రెండూ ఎగిరిపోయాయని చెప్పకండి. పొడి చల్లింది నేనేనని సాయంత్రం వచ్చి నేనే చెబుతాను.