పేరు పిలిచి ఇచ్చే సబ్బల్

నవంబర్ 12, బుధవారం

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఈశ్వరయ్యకు గొంతు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట రాదు. వికారాబాద్‌లో డాక్టర్ చెప్పినప్పుడు పక్కనే ఉన్నాను.

ఈశ్వరయ్య తాండూరు కమ్మరి. డెబ్బై ఆరేళ్లు. నాపరాయి క్వారీల పనిముట్లకు యాభై ఏళ్లుగా మొనలు కాల్చి సాగదీశాడు. చిన్నప్పుడు మా ఇల్లు ఆ కొలిమి సందులోనే.

ఈమధ్య నేను ఆయన్ని మళ్లీ కలిసింది వేరే పనికి. ఆదివారం పేజీలో పనిముట్ల పేర్ల మీద రాస్తున్నాను. సబ్బల్ అన్నా గడ్డపార అన్నా ఒకటేనని, మొదటిది ఉర్దూ దారిన వచ్చిందని, రెండోది మన మాటని పోయినవారం రాశాను. అది చదివించుకుని విని తిట్టాడు. పేపరోళ్లకు రాయి తెల్వది, మన్ను తెల్వది అన్నాడు. మన్ను తవ్వేది గడ్డపార, మొన వెడల్పు. రాయి పొరల దింపి లేపేది సబ్బల్, మొన సన్నం. మీ నాయిన ఉంటే నీ పేపర్ల మిర్చీలు కట్టుకునేటోడు బిడ్డా అని నవ్వబోయి దగ్గాడు.

కరెక్షన్ వేయాలి.

నవంబర్ 13

కొలిమిలో ఏడు సబ్బళ్లు మిగిలాయి. మొన వేయమని ఇచ్చినవాళ్లు, క్వారీలు మూతపడ్డాక రాలేదు.

ఆయన సబ్బల్ ఇచ్చే పద్ధతి నిన్న రాయడం మర్చిపోయాను. మొన చల్లారాక కొలిమి ముందు నిలబడి, సందంతా వినపడేలా మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. అప్పుడే చేతికి. పిలవనిది రాయి కింద జారుతుందని క్వారీవాళ్లు ముట్టరు.

క్వారీలో నాన్నది టోకెన్ నంబర్ 41. మేస్త్రీ నంబర్‌తోనే పిలిచేవాడు. భర్త పేరని అమ్మ ఎత్తేది కాదు. నాన్న పేరు నేను గట్టిగా విన్నది ఆ కొలిమి దగ్గరే.

ఏది ఎవరిదో ఈశ్వరయ్యకే తెలుసు. రాయడం రాదు. నా గొంతు పోయినంక గవి ఉత్త ఇనుమే, ఇచ్చేదాక ఆపరేషన్ బల్ల ఎక్క అన్నాడు.

నవంబర్ 14

ఏడు పేర్లు రాసుకున్నాను. ముగ్గురు చనిపోయారు. ఇంటివాళ్ల నంబర్లు దొరికాయి. రోజంతా ఫోన్లు.

నవంబర్ 15

చనిపోయిన ముగ్గురిలో ఒకరు ఏసుదాసు, ఆయన కూతురు నిరోషా బంట్వారంలో ఉంటుంది. నాయిన పోయి పదేండ్లాయె, తుక్కు ఇనుము నేనేం జేసుకోవాలె మేడం అంది. ఫోన్ పెట్టేసింది.

నవంబర్ 16, ఆదివారం, సాయంత్రం

ఆరు ఇచ్చేశాడు. పద్దెనిమిది పిలుపులు. చివరికి గొంతు గరగర తప్ప ఏమీ లేదు. మామ సబ్బల్ తీసుకోవడానికి వచ్చిన వెంకటమ్మ, చనిపోయిన ఆయన పేరు వినగానే కొంగు నెత్తిన కప్పుకుంది. జర మెల్లగ పిల్వు కాకా, సచ్చినోళ్లు లేస్తరు అంది పక్కింటి మొగులమ్మ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

అడ్మిషన్ కోసం రైల్లో వికారాబాద్ తీసుకొచ్చాను. ఏడోది ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇదెవరిదని టీసీ అడిగితే ఏసుదాసుది అన్నాడు.

వార్డులో ఉండగా నిరోషా ఫోన్. మా నాయినను పేరు పెట్టి పిల్వంగ నేనెన్నడు ఇన్లే, రేపటిదాక ఆయన గొంతు ఉంటదా అని అడిగింది.

నవంబర్ 17, ఉదయం 6.40

నిరోషా బస్సు ఏడున్నరకు ఇక్కడికి చేరుతుంది. ఆయన్ని లోపలికి తీసుకెళ్లేది ఎనిమిదింటికి. ఆసుపత్రి గేటు దగ్గర ఒక ముసలాయన మూడుసార్లు అరుస్తాడని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాను.