గాలివాన రాత్రి విరిగిన చెయ్యి

అమ్మా, నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న రాత్రి గాలివానకు ఆళ్లగడ్డంతా కరెంటు పోయింది. తాగొచ్చిన నా మొగుడు, దీపం పెట్టలేదని నా తల గోడకేసి కొట్టాడు. అడ్డమొచ్చిన నీ మనవరాలి అరుపు మధ్యలోనే ఆగిపోయింది. దాని గొంతు పట్టుకున్నాడని ఆ చీకట్లోనే అర్థమైంది. నాకు సంగటి గెలికే కట్టె దొరికింది. అతని చెయ్యి తడిమి చూసుకుని, ఎముక విరిగేదాకా కొట్టాను.

"మొగుణ్ణే కొడతాండావా?" అని మూలిగాడు.

"మళ్లా బిడ్డ మీద చెయ్యేస్తే రెండోది గూడా ఇరగ్గొడతా" అన్నాను.

పొద్దున అతన్ని వాళ్లన్న నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. నువ్వుంటే, నాయన దగ్గర నువ్వు ఓర్చుకున్నట్టే నన్నూ ఓర్చుకోమనేదానివి. నేను వీధి తలుపుకు తాళం మార్చాను.

"నాయనొస్తే యాడ పండుకుంటాడు?" అని బిడ్డ బొంగురు గొంతుతో అడిగింది.

"బయట" అన్నాను.