మాయ్ చెట్టు చెప్పాల్సిన జవాబు

సా డెక్,
తొలివాన పడ్డ మర్నాడు

నా బంగారు వదినా,

నిన్న సాయంత్రం వాన దంచి కొట్టింది! ఈ ఏటికి ఇదే మొదటిది. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను. యాభై దాటిన మనిషి వానలో తడుస్తూ ఆనపపాదుకు పందిరి కడుతోందని ఎదురింటి సౌ అక్క గొడుగు కింద నిలబడి మరీ నవ్వింది. నవ్వితే నవ్వనీ. తొలివాన పడుతుంటే ఇంట్లో కూర్చునే ఓపిక నాకు ఏనాడూ లేదు, నీకూ లేదు.

సైగాన్‌లో మూడో అంతస్తుకి మారాక పిడికెడు మట్టి కూడా కరువైందని ఏడుస్తూ రాశావు. ముందు ఆ ఏడుపు ఆపి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన సంచీ విప్పు. అందులో నిమ్మగడ్డి కాడలున్నాయి. వాటిని గ్లాసుడు నీళ్ళలో నిలబెట్టు. తెల్లగా వేళ్ళు రాగానే మట్టిలోకి మార్చు. తూటికూర కొన్నప్పుడు లేత ఆకులు వండుకుని ముదురు కాడలు పారేస్తావు చూడు, ఇక మీదట అవి కూడా మట్టిలో గుచ్చు, మళ్ళీ చిగురిస్తాయి. కుండీలకు డబ్బు తగలెయ్యకు. చేపల బజారులో అడిగితే థర్మాకోల్ డబ్బాలు ఊరికే ఇస్తారు. చిల్లులు అడుగున కాదు, పక్కల పెట్టు, అడుగుకి రెండు వేళ్ళ ఎత్తున. అప్పుడు కింద కాస్త తడి నిలుస్తుంది, మధ్యాహ్నం ఎండకి మొక్క వాడదు. కొబ్బరిపీచు వేసేముందు నానబెట్టి ఆ ఎర్రనీళ్ళు పారబోయడం మరిచిపోకు. నేను ఒకసారి బద్ధకించి మిరపనారు మొత్తం చంపుకున్నాను.

అన్నట్టు, పక్కింట్లోకి ఒకాయన దిగారు. తామ్ గారు. ఇన్నాళ్ళూ ఫెర్రీ నడిపి ఇప్పుడే మానుకున్నారట. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. వచ్చిన వారానికే నా ఆనపతీగ కంచె దాటి ఆయన వైపు కాయ దించింది. కంచె మీదుగా పిలిచారు.

"ఏవండీ, మీ ఆనపకాయ మా దొడ్లో పడుకుందండి. అద్దె కడతారా, కాయ వదులుకుంటారా?"

"పాదు నాది, నీళ్ళు పోసింది నేను. ఊరికే చూస్తూ కూర్చున్నందుకు అద్దేంటండీ?"

"ఆయ్, దోమలు దాన్ని కుట్టకుండా కాపలా కాశానండి."

చివరికి సగం కాయ రొయ్యలు వేసి వండి పంపారు. ఉప్పు తక్కువైంది. ఆ మాట మొహం మీదే చెప్పేశాను.

నీ మరదలు,
థోవా

●

సా డెక్,
ఊరు సగం నీళ్ళలో ఉంది

నా వదినా,

నీ కాకరతీగ పూలు పూస్తోంది గానీ కాయ నిలవడం లేదని, మందేమైనా కొట్టాలా అని అడిగావు. మందూ లేదు, మాకూ లేదు. అంత ఎత్తుకి తేనెటీగ ఎక్కి రావద్దూ? ఆ పని నువ్వే చెయ్యాలి. తెల్లారగానే చూడు, కొన్ని పూల వెనక వేలి గోరంత కాకరపిందె ఉంటుంది, అవి ఆడపూలు. మిగతావి మగవి. మగపువ్వు ఒకటి కోసి, రేకులు తుంచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దు. ఎండ ముదిరాక చేస్తే లాభం లేదు. ఈ వయసులో పెళ్ళిళ్ళ పేరమ్మ పని పెట్టానని తిట్టుకోకు, రెండు వారాలు తిరిగేసరికి పులుసు పెట్టుకుంటావు.

ఇక్కడ వరద వచ్చేసింది. డబ్బాలన్నీ ఇటుకల మీదకి ఎక్కించాను. మిరపమొక్కల్ని చూరు కిందకి లాగాను, లేకపోతే వానకి పూతంతా రాలుతుంది. వరదంటే అందరూ విసుక్కుంటారు గానీ, వదినా, నాకు మాత్రం పండగలాగే ఉంటుంది! నిన్న తామ్ గారి పడవలో జీలుగపూలకి వెళ్ళాం. పొలాలన్నీ నీళ్ళు, నీళ్ళ మీద పసుపుపచ్చటి కొమ్మలు. నేను కొమ్మ వంచి కర్రతో తడుతుంటే పూలు జలజలా పడవలో పడ్డాయి. ఆయన తెడ్డు వెయ్యడం మానేసి చూస్తున్నారు.

"పడవ నడపండి బాబూ, కొట్టుకుపోతున్నాం!"

"జీవితమంతా ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి తప్ప ఎటూ పోలేదండి. ఓ పూట కొట్టుకుపోతే ఏం పోద్దండీ?"

రాత్రికి ఆ పూలు వేసి పుల్లటి చేపల పులుసు పెట్టాను. ఒక గిన్నె కంచె అవతలికి పంపాను. ఒక్కదానికే వండుకోవడం ఎంత చప్పగా ఉంటుందో ఇన్నేళ్ళుగా నాకే తెలియదన్నమాట. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో కూడా తెలియడం లేదు.

మీ తమ్ముడు పండక్కి పసుపుపూల కోసమని నాటిన మాయ్ చెట్టు ఈసారి నిండా మొగ్గ పట్టేలా ఉంది. ఆయన పోయాక ఒక్క ఏడు కూడా మన కొత్త సంవత్సరం తెల్లవారికి పూయలేదు కదా. ఆయనకి మొగ్గ నొక్కి చూస్తే తెలిసిపోయేది, సరిగ్గా పండగకి పూయాలంటే ఆకు ఎప్పుడు దూయాలో. నాకు ఆ చెయ్యి రాలేదు. ఒకసారి ముందు దూస్తాను, ఒకసారి ఆలస్యంగా దూస్తాను. పండగ నాడు దానికి ఉత్త కొమ్మలే.

నీ
థోవా

●

సా డెక్,
గాలి చల్లబడింది

వదినా,

ముందు బంతి సంగతి చెప్పేస్తాను, ఆ తర్వాత నాకు ధైర్యం ఉండదు. నారు నాలుగు ఆకులేసి తలెత్తగానే కొస గిల్లెయ్యి. ప్రాణం ఒప్పదు, అయినా గిల్లు. పక్కలకి కొమ్మలేసి గుబురుగా పూస్తుంది. వానలు ఆగిపోయాయి కాబట్టి మొదళ్ళలో గడ్డి పరిచి, నీళ్ళు పొద్దున్నే పొయ్యి. బియ్యం కడిగిన నీళ్ళు మంచివే గానీ రోజూ వద్దు, చీమలు పడతాయి.

ఇప్పుడు అసలు మాట. తామ్ గారు నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు.

బంతినారుకి మట్టి కలుపుతున్నాం. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా మట్టే. ఆయన తల ఎత్తకుండా అన్నారు, "మధ్యలో ఈ కంచె దండగ కదండీ. తీసేస్తే ఇంకో రెండు మళ్ళు వస్తాయి." అర్థం కానట్టు "కంచె తీసేస్తే కోళ్ళు రావూ?" అన్నాను. "కోళ్ళ గురించి కాదండీ నేను అడుగుతుంది," అన్నారు. ఈ వయసులో చెవులు ఎర్రబడతాయని నాకు తెలియదు, వదినా!

నాకు ఇష్టమే. దాచి లాభమేముంది. పొద్దున్నే ఆ పక్క తలుపు చప్పుడైతే గానీ నాకు తెల్లారినట్టు ఉండదు. మీ తమ్ముణ్ణి మరిచిపోలేదు, మరవను కూడా. ఆయన ఫోటో ముందు రోజూ పళ్ళూ అగరొత్తులూ పెడుతూనే ఉన్నాను. ఆయన కోప్పడతారన్న భయం లేదు. నా భయమంతా నీ గురించే. నా పుట్టింటి వాళ్ళు ఎవరూ మిగల్లేదు. నాకున్నది నువ్వొక్కదానివే. రేపు నేను ఇంకొకరి ఇంటి మనిషినైతే నిన్ను వదినా అని పిలిచే హక్కు నాకుంటుందా? ఆ ఒక్క మాట అడగలేక ఇన్ని నెలలు ఆనపకాయల గురించి రాశాను.

అందుకని ఆయనకి తిన్నగా జవాబు చెప్పలేదు. "మా ఆయన నాటిన మాయ్ చెట్టు కొత్త సంవత్సరం తెల్లవారి పూస్తే సరేనంటాను, పూయకపోతే ఇక ఆ మాట ఎత్తొద్దు," అన్నాను. ఆయన చెట్టు వైపు చూసి, "చెట్టుకి ఇంత బరువు పెట్టారేంటండీ," అన్నారు.

నీకు కోపం వస్తే తిట్టు, వదినా. మాట్లాడటం మాత్రం మానకు.

నీ
థోవా

●

సా డెక్,
కొత్త సంవత్సరం రెండో రోజు

ఓ వదినా, దొంగ వదినా!

నా ఉత్తరానికి జవాబు రాయకుండా, కొత్త సంవత్సరానికి వారం ముందు, వంటింటి దేవుణ్ణి స్వర్గానికి సాగనంపే పండక్కి సంచీ పట్టుకుని నేరుగా దిగావు. ఉన్నన్నాళ్ళూ ఆ విషయం ఒక్క మాట ఎత్తావా? నీ కాకరకాయలు చూపించి మురిసిపోయావు, నా మిరపమొక్కలకి వంకలు పెట్టావు, తామ్ గారిని పైనుంచి కిందకి రెండుసార్లు చూశావు, బస్సెక్కి వెళ్ళిపోయావు. నేను తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. వదిన నన్ను వదిలేసుకుంది, మర్యాదకి ఒకసారి చూసిపోయింది, అనుకున్నాను.

ఆకు సరిగ్గానే దూశాను. పండగకి పదిహేను రోజుల ముందు, పౌర్ణమికి మొగ్గ నొక్కి చూస్తే ఇంకా గట్టిగానే ఉంది, ఆ రోజే నిచ్చెన వేసుకుని ఆకంతా దూసేశాను. కానీ ఆ తర్వాత చలి గాలి తిరిగింది. మొగ్గ కదలదే! నాకు నిద్ర పట్టలేదు. జవాబు చెట్టుని చెప్పమన్నది నేనే, దాని ఇష్టానికి వదలలేకపోయిందీ నేనే. రోజూ పొద్దున్నే ఎవరూ చూడకుండా ఒక కెటిల్ గోరువెచ్చటి నీళ్ళు మొదట్లో పోశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అది పూయాలని నాకు అంత ఆశగా ఉంది!

పూసింది. కొత్త సంవత్సరానికి ఇంకా నాలుగు రోజులుండగా, ఒక్కసారిగా, కొమ్మ కనపడకుండా చెట్టంతా పసుపే! వీధంతా వచ్చి చూసింది. పండగ దాకా ఆ పూలు నిలవవని నాకు తెలుసు. పండగ తెల్లవారికి ఆ రేకులన్నీ నేల మీద ఉన్నాయి, కొమ్మలకి రాగిరంగు చిగుళ్ళు తప్ప ఏమీ లేదు.

గేటు బయట తామ్ గారు పుచ్చకాయ పట్టుకుని నిలబడ్డారు. లోపలికి రారు. ఏడాదిలో మొదటగా గడప తొక్కే మనిషిని బట్టి ఆ ఇంటి ఏడాదంతా ఉంటుంది కదా, భార్య పోయినవాడు ఆ అడుగు వెయ్యకూడదని ఆయన పట్టుదల.

"తప్పంతా నాదేనండి," అన్నారు, నేల చూపులు చూస్తూ. "చలికి మొగ్గ బిగిసిపోయిందని, సాయంత్రాలు మీరు బజారుకెళ్ళినప్పుడు కంచె మీంచి వంగి వేడినీళ్ళు పోశానండి. ఎక్కువైపోయింది."

నేనూ రోజూ పొద్దున్నే పోశానని ఒప్పేసుకున్నాను. అప్పుడు సౌ అక్క ఎదురింటి అరుగు మీద నుంచి అరిచింది.

"ఒసేయ్ థోవా! మీ ఇద్దరే కాదే. మీ వదిన ఉన్నన్నాళ్ళూ, నువ్వు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా కెటిల్‌తో ఆ చెట్టు దగ్గరే ఉందే! ఏంటమ్మా అంటే, చెప్పకు, మా తమ్ముడి చెట్టు కొంచెం మొండిది, అంది. మూడు పూటలా స్నానం చేయిస్తే పూయక చస్తుందా!"

వదినా. నువ్వు కూడానా?

ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది? కోపంగా ఉన్నావని నేను ఏడుస్తుంటే, నువ్వు నా పెళ్ళి కోసం నా చెట్టు కిందే నీళ్ళు పోస్తున్నావా! గేటు దగ్గరే భోరుమన్నాను. తామ్ గారు కంగారుపడి పుచ్చకాయ కింద పడేశారు, అది పగిలింది. ఎర్రగా, ఎంత ఎర్రగా ఉందో! పండగ పుచ్చకాయ ఎంత ఎర్రగా ఉంటే అంత అదృష్టం, ఏడాదికి అంతకంటే మంచి శకునం ఏం కావాలి అని సౌ అక్క చప్పట్లు కొట్టింది.

నేను గేటు పూర్తిగా తెరిచాను.

"రండి. ఈ ఇంటికి మొదటి అడుగు మీదే."

"చెట్టు ఇవాళ పూయలేదు కదండీ."

"చెట్టుని అడగడం నాదే తప్పు. నేను చెబుతున్నాను కదా, రండి."

ఆయన చెప్పులు విడిచి, రాలిన రేకుల్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి, గడప దాటారు. మీ తమ్ముడి ఫోటో ముందు అగరొత్తి వెలిగించి చాలాసేపు నిలబడ్డారు. ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు.

కంచె తీసేయడం వచ్చే పౌర్ణమికి. అదే రోజు పెళ్ళి, పెద్దగా ఏమీ లేదు, నలుగురికి భోజనం. నువ్వు ముందుగా వచ్చి నా తరఫున పెద్దదిక్కుగా కూర్చోవాలి. కూర్చుని ఈయన్ని తమ్ముడూ అని పిలవాలి. నేను నిన్ను వదినా అని ఎప్పటిలాగే పిలుస్తాను. కంచె పోతే వచ్చే రెండు మళ్ళలో ఒకటి నీది, ఏం వేద్దామో ఆలోచించి రా. కెటిల్ మాత్రం సైగాన్‌లోనే వదిలేసి రా.

ఎప్పటికీ నీ మరదలు,
థోవా