మామగారి పేరున్న పాఠం

జిల్లా విద్యాధికారి కెనెష్‌బెక్ గారికి,

విభక్తుల పాఠం ఎగ్గొట్టానని మీ తనిఖీదారు రాశారట. ఎగ్గొట్టలేదండీ. మన కిర్గిజ్ వాచకంలో విభక్తులన్నీ ఒకే మాటకి తగిలించి చూపించారు. ఆ మాట మా మామగారి పేరు. కోడలు మామగారి పేరు పలికితే ఇంట్లో ఊరుకుంటారా? రాయడానికీ చెయ్యి రావడం లేదు. కొండ మీంచి దొర్లిపడేది, మొన్న బడి గేటు దగ్గర మీ తనిఖీదారు బొటనవేలు చితక్కొట్టింది, అదే.

ఆయన దాన్నే చేత్తో పట్టుకొచ్చి, "ఇదేమిటమ్మా?" అన్నారు.

"మా మామగారండీ" అన్నాను.

నాకు మతిపోయిందని రాసుకున్నారు.

పాఠం మాత్రం పిల్లలకి బాగానే వచ్చింది. "మామగారి మీద కూర్చున్నాం, మామగారికి సున్నం కొట్టాం, మామగారిని కుక్క మీదికి విసిరాం" అని గడగడా చెప్తున్నారు. కిటికీ అవతల మామగారు విన్నారు.

"అమ్మాయ్, ఆ కుక్క సంగతి తీసెయ్యి" అన్నారు, అంతే.

నా ఉద్యోగం తియ్యకండి, ఆ మాట మార్చండి చాలు. అయస్కాంతానికి అంటుకునేది వద్దు, అది మా పెద్దబావగారు. తేనెటీగ వాలేదీ వద్దు, అది మా అత్తగారు. మీ పేరు మా ఇంట్లో ఎవరికీ లేదు. మీరు సరేనంటే సోమవారం నుంచి పిల్లలు మీ మీద కూర్చుంటారు.

మీ జవాబు కోసం చూస్తూ,
ఆరో తరగతి టీచరు