సూసిందా, ఇన్నదా

అక్కా,

నువ్వు పోయి ఈవేళకి ఏడాది. నీ కూతురు మేరీని హాస్టల్లో వేసింది నేనే. అన్నం మళ్ళీ అడిగిందని అక్కడి వార్డెను అట్లకాడ కాల్చి దాని చేతి మీద పెట్టాడు. ఆ చెయ్యి చూసి నేనే కేసు పెట్టాను. వాణ్ణి పట్టుకెళ్ళారు.

వారం తిరక్కుండానే గవరపాలెం నుంచి బెల్లం మార్కెట్ దాకా ఒకటే మాట: "పిల్లల్ని సంపేసి పెరట్లో పాతేసేడంట!" పక్కింటి రత్నం పిన్ని ఆ మాట మోసుకొస్తే, ఏ కబురొచ్చినా నువ్వు అడిగేదే నేనూ అడిగాను.

"సూసిందా, ఇన్నదా?"

"ఊరందరూ అబద్ధమాడతారేటే?" అని మూతి తిప్పింది.

నీ దగ్గర దాచడమెందుకు, వాడి మీద కసితో ఆ మాట నేనూ నాలుగిళ్ళలో చెప్పాను.

నిన్న పోలీసులు పెరడంతా తవ్వారు. ఒక్క ఎముకా దొరకలేదు. సాయంత్రానికి అదే రత్నం, ఆ నోరు పడిపోను, "పాపం, వార్డెను దేవుడ్లాంటోడంట. మీ పిల్లే కతలల్లిందంట" అంది.

మేరీని లాక్కెళ్ళి ఆ చెయ్యి ఆవిడ ముఖం ముందు పెట్టాను.

"ఇది ఇన్నది కాదు పిన్నీ. సూడు!"

ఆవిడ మచ్చని వేలితో తడిమి మరీ చూసింది.

"పొయ్యి మీద పడిందంట కదే" అంది.