మొదలు కిందికి, కొన పైకి

సహం,
గురువారం పొద్దున.

చిరంజీవి తమ్ముడు సదాశివకు అన్న నరహరి దీవించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ కోడలికి నెలలు నిండాయి కదా, బరువులు ఎత్తనివ్వకండి. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఈ యోగక్షేమాలు కాగితం మీద అడగవలసి వచ్చింది.

ఈ ఎడారి దేశంలో ఎండలు ముదిరాయి. సముద్రం పక్కనే ఉన్నా గాలి రాదు, ఉక్క మాత్రం వస్తుంది. కార్ఖానాలో రంపపు పొట్టు చెమటకు అంటుకొని, డ్యూటీ దిగేసరికి ఒళ్ళంతా పిండిలో దొర్లినట్టు ఉంటుంది. వంట నాదే. జొన్నపిండి దొరికిన రోజు రొట్టె, లేని రోజు అన్నం, పచ్చిపులుసు. రూమ్‌లో అందరూ ఫోన్లలో మొహాలు దాచుకుంటారు, నేను పుస్తకంలో దాచుకుంటాను. బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు. పెట్టుకుంటావని కాదు, అనడం ఆనవాయితీ.

మల్లన్న గుడి దర్వాజ పని ఎవరికివ్వాలని కమిటీ కూర్చున్న సంగతి మీ వదిన చెప్పింది. చిన్నాయన కొడుకు విఠల్ లేచి, "మసీదుకు తలుపు జేసిన చేతులు మల్లన్న దర్వాజ ముట్టద్దు. సదాశివ జేస్తడు, కట్టె పట్నంల మిషన్ మీద కోపిచ్చుకొస్తం" అన్నాడట. అందరూ నీ వైపు చూశారట. నువ్వు "మీ ఇష్టం" అన్నావట. పెద్దసభలో అన్యాయం జరుగుతుంటే తల వంచుకున్న పెద్దలకు పురాణాల్లో చివరికి ఏమైందో నాకంటే నీకు తక్కువేం తెలియదు. చిన్నప్పుడు ఒకే అరుగు మీద విన్నాం.

అవును, చేశాను. ఈ సహంలోనే చేశాను. పని మొదలుపెట్టిన రోజు ముసలి అర్బాబ్, అంటే మా యజమాని, కుర్చీ వేసుకొని ఎదురుగా కూర్చున్నాడు. నేను ఉలికి బొట్టు పెట్టి కళ్ళకద్దుకుంటే, నా హెల్పర్ భయపడి అడ్డం వచ్చాడు. అర్బాబ్ వాణ్ణి పక్కకు జరిపి, తనకొచ్చిన హిందీలో, "ఉస్తాద్‌ను ఛోడ్ దో. ఆయన దేవుణ్ణి ఆయన తలుచుకుంటడు, నా దేవుణ్ణి నేను తలుచుకుంటా" అన్నాడు. పరాయి దేశపు యజమానికి అర్థమైన ముక్క నాతో ఒక కంచంలో తిన్న విఠల్‌కు అర్థం కాలేదు. దసరాకు నేను పనిముట్లకు పూజ చేయని ఏడాది లేదు. జంధ్యం తీసిన రోజు లేదు. నాయిన పోయేముందు, "మల్లన్న దర్వాజ నీ చేతులమీదనే నిలవడాలె పెద్దోడా" అన్నప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నది నువ్వే. ఇక్కడ చాలించి రావడానికి నేను పెట్టుకున్న ఒక్క కారణం అదే.

సరే, అది పోయింది. నిన్న విఠల్ గ్రూపులో దర్వాజ ఫొటో పెట్టాడు, నువ్వు పక్కన నిలబడి నవ్వుతున్నావు. పెద్దది చేసి చూశాను. అతుకులు నీ ఉలివే, ముచ్చటగా ఉన్నాయి. కాని తమ్ముడూ, ఎడమవైపు నిలువు కట్టె తలకిందులుగా ఉంది.

కణుపు చూడు. కొమ్మ నార కిందికి దిగుతోంది. చెట్టు మీద కొమ్మ నేల వైపు మొలుస్తుందా? నిలబెట్టేటప్పుడు ఆ వైపే కిందికి రావాలని, కట్టె చేతికి రాగానే చెట్టు మొదలు వైపు ఎర్ర జాజుతో గీత గీసేది మన ఇంటి పద్ధతి. పట్నం మిషన్ దాన్ని చిత్రిక పట్టి చెరిపేసింది, నువ్వు కణుపు చూడకుండా అతుకు కొట్టావు. తలకిందుల దర్వాజ నిలబెట్టినవాని ఇంటికే తగులుతుందని నాయిన అనేవాడు. నమ్ముతావో లేదో నీ ఇష్టం. నేను నమ్ముతాను. నీ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంది.

గ్రూపులో ఒక్క మాట రాస్తే విఠల్ మొహం మాడిపోయేది. రాశాను కూడా. పంపబోయి ఆగాను. ఊరు విఠల్‌ను నాలుగు రోజులు నవ్వుతుంది, నిన్ను బతికినంతకాలం నవ్వుతుంది. మీ వదినకు చెబితే తెల్లారేసరికి బావి దగ్గర ఊరంతా చెప్పుకుంటుంది. నీ ఫోన్ నీకంటే విఠల్ చేతిలోనే ఎక్కువ ఉంటుంది. అందుకే ఇవాళ ఇంటికి బయలుదేరుతున్న మన ఊరి మల్లేశంకు ఈ కవరు ఇస్తున్నాను. "నరహరన్నా, గింత గట్టిగ అంటువెట్టినవ్, వదినెకు ప్రేమలేఖనా?" అన్నాడు. "వదినెకు రాస్తె నీకిస్తనా? సదాశివ చేతిల వెట్టు, విఠల్ అడిగితె లేదను" అన్నాను.

దర్వాజ నిలబెట్టే ముహూర్తం ఆదివారం. ఆ కట్టె విప్పెయ్యి. తిప్పి పెట్టాలని చూడకు, అతుకులు కొట్టేశాక అది కుదరదు. మన ఇంటి వెనక రేకుల కింద టేకు దుంగ ఉంది. నేను వచ్చి చేస్తానని నాయిన, నేను కలిసి దాచింది. దాన్ని కొయ్యి. మొదలు వైపు నాయిన చేతి జాజు గీత ఉంటుంది, తడిచేత్తో తుడిస్తే తేలుతుంది. ఎవరైనా అడిగితే పాత కట్టెకు పురుగు పట్టిందని చెప్పు.

మల్లేశం తిరిగి వచ్చేటప్పుడు ఎండబెట్టిన చింతచిగురు, రెండు కొత్త జంధ్యాలు పంపించు. మేనత్తకు నా దండాలు చెప్పి, ఆమె దీవెన నాకు కావాలని చెప్పు. పిల్లలకు ముద్దులు. విఠల్‌కు ఏమీ చెప్పకు.

నా చేతులు ముట్టొద్దన్నారు, ముట్టలేదు. కళ్ళ సంగతి కమిటీ ఏమీ అనలేదు.

నీ మేలు కోరే
అన్న నరహరి